రాళ్లకు సారె

అచ్చియ్యమ్మకు అల్లుడితో ఏదైనా చెప్పాల్సి వస్తే వసారా రాటతో చెప్పేది.

పెరటివైపు వసారాలో, వంటింటి గుమ్మం పక్కనే, తాటిమాను చెక్కి పాతిన లావుపాటి రాట ఒకటి ఉండేది. ఆవిడ తలుపు చాటున నిలబడి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, "రాటా, ఎర్రెద్దు కుడితి ముట్టలేదు, ఎవులైనా సూసేరేటి?" అనేది. సత్యారావు లేచి వెళ్లి ఎద్దు సంగతి చూసేవాడు. "రాటా, ఇయ్యాల పులుసులో ఉప్పు రవ్వంత ఎక్కువైపోనాది, ఏటనుకోకు" అనేది. సత్యారావు ముద్ద మింగి, రాటకేసి తిరిగి, "బాగానే ఉంది" అని రాటకే జవాబు చెప్పేవాడు. మధ్యన కూర్చున్న నూకరత్నానికి, అంటే ఆవిడ కూతురికీ ఇతని పెళ్లానికీ, నవ్వాపుకోలేక పొలమారేది. ఐదేళ్లుగా ఆ ఇంట్లో అత్తా అల్లుళ్ల మాటామంతీ ఇలాగే నడిచింది.

అల్లుడికి ఎదురుపడకపోవడం ఆ చుట్టుపక్కల ఒకనాటి మర్యాదే, కాదనడం లేదు. కానీ ఎప్పుడో వచ్చి నాలుగు పూటలు తిని వెళ్లిపోయే అల్లుడి దగ్గరైతే అది నడుస్తుంది. సత్యారావు ఇల్లరికం వచ్చినవాడు. గోవాడలో అన్నదమ్ములందరికీ ఆఖరివాడు. అచ్చియ్యమ్మకు మొగపిల్లలు లేరు, మొగుడు పోయాడు, చెరకుతోట చూసే మనిషి కావాలి. అలా వచ్చాడు. పొద్దున్న లేస్తే ఒకే నూతి దగ్గర, ఒకే పశువుల సాలలో, బెల్లం వండే రోజుల్లో ఒకే పొయ్యి ముందు మసలాల్సిన మనుషులు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవారు. "ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చీసింది గానీ నీ రాట బాస పోలేదే అచ్చియ్యమ్మా" అని పక్కింటి పైడితల్లి మొహమ్మీదే అంది. అచ్చియ్యమ్మ తొణకలేదు.

"సులువుగా ఉన్నప్పుడు సేత్తే అది మర్యాదెలగవుద్ది?" అంది.

సత్యారావుకు మాత్రం లోలోపల గుచ్చుకునేది. ఇల్లరికం అనే మాటకు లోకంలో ఉన్న గౌరవం ఏపాటిదో అందరికీ తెలిసిందే. సంతలో ఎవడో ఒకడు "ఏటి బావా, అత్త బువ్వ ఒంటపడతందా?" అని కన్ను గీటుతూనే ఉంటాడు. వాళ్ల సంగతి సరే, పరాయివాళ్లు. ఇంట్లో మనిషి ఇన్నేళ్లయినా మొహం చూసి ఒక్క మాట అనకపోతే ఏమనుకోవాలి? తల్లి చిన్నప్పుడే పోయినవాడు. పెళ్లినాడు అచ్చియ్యమ్మ కాళ్లకు దండం పెట్టినప్పుడు, అమ్మ దొరికిందనుకున్నాడు. తీరా దొరికింది రాట.

ఇక కొండ సంగతి చెప్పాలి. చోడవరం నుంచి చీడికాడ వెళ్లే దారిలో, కొండ వారగా నాలుగు గడపల పాలెం అది. అన్నిటికంటే వెనక, కొండ కాళ్ల దగ్గరున్నది వీళ్ల ఇల్లు. వానలకు మట్టి కరిగి రాళ్లు ఊడి దొర్లుకుంటూ వచ్చేవి. నూకరత్నం ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో బియ్యం బస్తా అంత రాయి ఒకటి పెరట్లోకి దూసుకొచ్చి, వసారాలో వేలాడుతున్న ఉయ్యాలకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. పిల్ల నిద్రయినా లేవలేదు. అచ్చియ్యమ్మ ఆ రాయి ముందు సాష్టాంగపడింది. పసుపు రాసి బొట్టు పెట్టి, నువ్వే నా పాలిటి అమ్మోరివంది. మొగుడు కొండ మొదట్లో కందకం తవ్వి, ఆ రాయిని అందులో కొండకేసి మొహం పెట్టి కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత కందకంలో పడి ఆగిన ప్రతి రాయీ ఆ అమ్మోరికి చెల్లెలైంది. ప్రతి దానికీ పసుపు, బొట్టు, ఒక పేరు. ఉయ్యాల దగ్గరాగినది పెద్దమ్మి. తర్వాతవి నడిపమ్మి, నల్లమ్మి, మూలమ్మి, ఇంకా ఎవరెవరో. అందరినీ కలిపి "మా గుంటలు" అనేది అచ్చియ్యమ్మ, అంటే మా ఆడపిల్లలని, సొంత కూతుళ్లని అన్నట్టే. ఇంట్లో చలిమిడి చేస్తే ముందు వాటి వాటా తీసేది. కందకం నిండుతోందని ఎవరైనా అంటే, "మన్ని సంపకుండా ఆగినోల్లని తోసీడానికి మనసెలగొప్పుద్ది?" అనేది. మంచి మాటే. ఆ మంచి మాట వల్లే కందకం నడుమంతా అంచుల దాకా నిండిపోయింది.

సత్యారావు వచ్చిన కొత్తలో కందకానికి ఇవతల అడ్డుగోడ కట్టాడు. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి, మెత్తగా గానుగ పట్టించి, మనిషెత్తున, మూరెడు మందాన కట్టాడు. పాలెంలో అందరూ వచ్చి తట్టి చూసి వెళ్లారు. వాడికి ఛాతీ ఉబ్బిపోయింది. నిరుడు శ్రావణంలో ఒక రాయి వచ్చి తగిలితే ఆ గోడ నిలువునా బద్దలైంది. రాయి కంటే గోడ ముక్కలే ఎక్కువ దూరం ఎగిరాయి. రాయి ఆగకుండా పశువుల సాల దాకా వచ్చి అచ్చియ్యమ్మ మంచం కోడు విరగ్గొట్టింది. ఆవిడ ఆ సమయానికి అవతల పాలు పితుకుతోంది కాబట్టి బతికింది. అల్లుడున్న ఇంట్లో లోపల పడుకోదు కాబట్టి సాలలోనే పడక. అదీ మర్యాదే!

ఆ రాయికీ పసుపు పడింది. "కోడుతో సరిపెట్టింది సల్లని తల్లి" అని, మనుషులను పెట్టి కందకంలోకి చేర్పించి, కోడమ్మి అని పేరు పెట్టింది.

సత్యారావుకు ఆ విరిగిన కోడే కళ్లలో మెదిలేది. ఆవిడ తనతో మాట్లాడినా మాట్లాడకపోయినా, ఆవిడ లేని ఆ ఇంటిని తలుచుకుంటే వాడికి ముద్ద దిగేది కాదు. పైగా ఈ ఏడు నూకరత్నం కడుపుతో ఉంది. వానలేమో ఎప్పటిలాగే వస్తాయి.

ఎండాకాలం మొదట్లో చోడవరం సంతకు వెళ్లినప్పుడు రోడ్ల ఓవర్సీరు రామచంద్రమూర్తి ఇంటికి వెళ్లి గోడు చెప్పుకున్నాడు. ఆయన ఘాటురోడ్ల పనుల్లో నలిగినవాడు, కాదనడం తెలియని మనిషి. ఆదివారంనాడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. గోడ పగులు తడిమాడు, కందకం చూశాడు, తలెత్తి కొండంతా చూశాడు.

"గోడ బాగా కట్టావయ్యా సత్యారావూ. అదే వచ్చిన చిక్కు," అన్నాడు. "ఇంత బిగువుగా ఉంటే రాయి వేగమంతా ఒక్కచోట ఒక్కసారే పడుతుంది. ఇంకా లావుగా కట్టినా ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే. దానికి ఎదురు నిలబడ్డం కాదు, అది నెమ్మదించడానికి కాస్త వ్యవధివ్వాలి. గోడకి ముందు మెత్తగా, దళసరిగా ఏదైనా పెట్టు. దెబ్బ తగిలితే కొంచెం నొక్కుకుపోవాలి, కొంచెం కదలాలి."

"అలగే బాబూ."

"ఇంకోటి. కందకం ఖాళీగా ఉండాలి. వచ్చిన రాయి పడ్డానికి చోటేదీ? దాని మీద ఇంకో రాయి పడిందంటే గెంతుతుంది. అప్పుడు నీ గోడ ఎంత మెత్తగా ఉన్నా ఒకటే, పైనుంచి దాటిపోతుంది. ముందు ఆ రాళ్లు తీయించు."

వంటింటి తలుపు రెక్క కిర్రుమంది.

"రాటా," అంది లోపలినుంచి అచ్చియ్యమ్మ, "ఓవర్సీరుబాబు ఎండనపడి వచ్చేరు. సల్లటి మజ్జిగిచ్చి, వచ్చిన దారినే జాగర్తగా పంపీమను."

రామచంద్రమూర్తి రాటనూ సత్యారావునూ మార్చి మార్చి చూశాడు. మజ్జిగ తాగాడు. సైకిలెక్కుతూ, "కొండ సంగతైతే నేను చెప్పగలను గానీ, ఇది మాత్రం నువ్వే చూసుకోవాలోయ్," అని చెవిలో చెప్పి వెళ్లిపోయాడు.

సత్యారావు ఆ సాయంత్రమే రాట దగ్గర చతికిలబడ్డాడు. "రాటా, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషుంది. వానలొస్తన్నాయి. ఆ రాళ్లు తియ్యాలి."

"రాటా," అని జవాబు వచ్చింది, "ఆ కడుపుతో ఉన్న మనిషి ఉయ్యాల్లో ఉన్నప్పుడు కాపాడినదెవులు? గోడేటి?"

ఆవిడ మాటలో అబద్ధం లేదు మరి.

సరే, చేతిలో ఉన్న పనైనా చేద్దామని, ముందు బద్దలైన గోడను మళ్లీ కట్టి నిలబెట్టాడు. మెత్తగా, దళసరిగా ఏదైనా పెట్టమన్నాడు ఓవర్సీరు. ఒట్టి మట్టి పోస్తే మొదటి వానకే జారిపోతుంది. గోనె బస్తాలు చీకిపోతాయి. ఏం పెట్టాలా అని బుర్ర గోక్కుంటూ ఉంటే, అనకాపల్లిలో బండి మీంచి బెల్లం దిమ్మలు దించే పద్ధతి గుర్తొచ్చింది. అక్కడ నేలమీద ఎండు చెరకాకు దళసరిగా పరిచి దాని మీదికి దొర్లిస్తారు. అంత బరువు దిమ్మా పెచ్చు కూడా ఊడకుండా దిగుతుంది. అదే దిమ్మ బండరాయి మీద పడితే ముక్కలేరుకోవాలి.

చెరకు కొట్టాక ఆకు పొలంలోనే తగలెట్టడం అలవాటు. ఆ ఏడు వీళ్ల మడిలో నిప్పు పెట్టలేదు. పైడితల్లి మొగుడు దాసు సాయం వచ్చాడు. ఇద్దరూ ఆకును మోపులు కట్టి గోడకు ముందు ఒక వరస మోపులు, ఒక వరస మట్టి వేసి తొక్కారు. చెద పట్టకుండా మధ్యమధ్య బెల్లం పొయ్యి బూడిద చల్లారు. ఆ మోపులు చెదరకుండా ముందు తాటిదుంగలు అడ్డంగా పెట్టి, మేకులు కొట్టకుండా కొబ్బరి మోకులతో వదులుగా కట్టారు. దెబ్బ తగిలితే ఊగాలని. గోడకు రెండు చివర్లా ఇలా తయారైంది. నడుమ మాత్రం, గుంటలు కొలువుతీరిన చోట, మోపు పెట్టడానికి అడుగు చోటు లేదు. ఆ చోటుకు సూటిగా వెనక వసారా, వంటిల్లు, సాల.

"నడుమ ఇడిసీసి అటూ ఇటూ కట్టేమంటే, తలుపు తీసీసి గోడలకి తాళమేసినట్టుందిరా బావా," అన్నాడు దాసు. సత్యారావు పళ్లు కొరుక్కున్నాడు.

వైశాఖం చివర్లో ఒకనాటి పొద్దున్న, కట్టినది ఎలా ఆగుతుందో కొండ మీంచి రాళ్లు దొర్లించి చూద్దామనుకున్నారు. సత్యారావు గంజి కూడా తాగలేదు, అంత ఆత్రం. ముందు రాట దగ్గరికి వెళ్లాడు.

"రాటా, ఈ పూట ఇంట్లో ఎవరూ ఉండకూడదు. ఆవునీ ఎడ్లనీ తోలుకుని అందరూ పైడితల్లి ఇంటికి పోవాలి. నేనొచ్చి పిలిచేదాకా ఈ ఛాయలకి రాకూడదు."

"రాటా, అలగేనని సెప్పు," అంది అచ్చియ్యమ్మ. అన్నట్టే కూతుర్ని వెంటబెట్టుకుని, ఆవు పలుపు పట్టుకుని వెళ్లింది. సత్యారావు కళ్లారా చూశాడు.

కొండ మీంచి మొదటి రాయి ఎడమ చివరకు వదిలారు. అది గెంతుకుంటూ పోయి దుంగలకు తగిలింది. ఫెళ్లుమనలేదు. ధబ్బుమంది, అంతే. దుంగలు ఊగాయి, మోపులు లోపలికి నొక్కుకున్నాయి, రాయి అక్కడే కూలబడింది. దాసు తలగుడ్డ తీసి గాల్లోకి ఎగరేశాడు. దానికి రెట్టింపు రాయి కుడి చివరకు వదిలారు. ఒక మోకు తెగింది గానీ గోడ చెక్కు చెదరలేదు. సత్యారావు ఆనందం పట్టలేక దాసును కౌగలించుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆనందంలో ఉన్న మనిషికి పంతం కూడా వస్తుంది. పైడితల్లి పెరట్లో నిలబడి అత్త ఇదంతా చూస్తూనే ఉంటుంది కదా, నడుమ కూడా ఒకటి వదిలితే రాయి ఎలా గెంతుతుందో ఆవిడే చూస్తుంది, చెబితే విననిది చూసైనా వింటుంది అనుకున్నాడు.

"వద్దురా బావా," అన్నాడు దాసు, "ఇంటి మీదికెలిపోద్ది."

"ఇంట్లో ఎవులున్నారని? వసారా తాటాకు పోతే మళ్లీ నేసుకుందాం."

నడుముకు సూటిగా ఉన్న రాయిని వెతికి, చుట్టూ మట్టి తవ్వి కదిలించేసరికి చాలాసేపు పట్టింది. గునపం పెట్టి తోశాడు. రాయి చేతులు దాటిపోయింది. అప్పుడు చూశాడు, వంటింటి కప్పులోంచి పొగ లేస్తోంది.

పొయ్యి వెలిగించిన పొగ. ఇంట్లో మనిషి ఉన్న పొగ.

రాయి దిగుతూనే ఉంది. పొదలు విరుచుకుంటూ పోయి, కందకంలో పసుపు రాళ్ల మీద పడి, ఓవర్సీరు చెప్పినట్టే పైకెగిరింది. గోడను తాకనైనా తాకకుండా అవతలికి దూకి నేరుగా వసారాలోకి పోయింది. కర్ర విరిగిన చప్పుడు కొండ మీదికి వినిపించింది. వసారా కప్పు మోకాళ్ల మీద కూలబడ్డట్టు వంగి, వంటింటి గుమ్మాన్ని కప్పేసింది.

"అమ్మా!"

ఆ కేక తనదేనని సత్యారావుకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరినీ అన్నవాడు కాదు. తుప్పల్లో పడి, లేచి, ముళ్లు గుచ్చుకుంటున్నా చూసుకోకుండా దిగాడు. దారి పొడుగునా అదే కేక. వచ్చీరాగానే తాటాకు పట్టెలు రెండు చేతులా పీకి పారేశాడు. దుమ్ములోంచి ముందు ఒక కుండ కనిపించింది. తర్వాత కుండను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న మనిషి కనిపించింది.

"ఏటయ్యా ఆ అరుపులు?" అంది అచ్చియ్యమ్మ, వాడి మొహంలోకి చూస్తూ. "నాకేటీ అవ్వలేదు. అంబలే సగం ఒలికిపోనాది."

సత్యారావు అక్కడే కూలబడ్డాడు. ఏడుస్తున్నాడు.

"రాయి నేనే తోసేను," అన్నాడు చివరికి. "నేనే. ఇంట్లో ఎవులూ లేరనుకున్నాను."

"నువ్వు రావద్దన్నావు. నేనే వచ్చేను. తప్పెవులిది?" అంది ఆవిడ. "పొద్దుట్నించి కడుపులో సుక్క ఏసుకోకుండా కొండెక్కి కూకున్నావు. రెండు రాళ్లూ ఆగినాయి కదా, ఇక దిగొస్తావనుకున్నాను. నువ్వొచ్చేసరికి గుక్కెడు అంబలి కాసి ఉంచుదారని..."

అక్కడికి వచ్చేసరికి ఆవిడకు స్పృహ వచ్చింది. తను ఎవరితో మాట్లాడుతోందో, ఎలా మాట్లాడుతోందో తెలిసింది. గబగబా కొంగు నెత్తిమీదికి లాక్కుంది. మొహం తిప్పుకుని రాట కోసం చూసింది.

రాట నడిమికి విరిగి రెండు ముక్కలై పెరట్లో పడి ఉంది.

ఆవిడ దానికేసి చూసింది. "ఇంక నేనెవులితో మాటాడాలి?" అంది.

"నాతోనే మాటాడమ్మా," అన్నాడు సత్యారావు. చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది ఆ మాట. "ఐదేళ్లనించి అదే కదా సూత్తన్నాను. నన్ను మనిషి కింద జమ కట్టలేదనుకున్నాను."

అచ్చియ్యమ్మ కొంగు జారిపోతున్నా సర్దుకోలేదు.

"ఒరే పిచ్చి నాయినా," అంది. "ఇల్లరికపోడంటే లోకానికి సులకన. నీ మీద నేను నోరు జేసుకుని, నీ ఎదట నెత్తి మీద కొంగు లేకుండా తిరిగితే, అత్తే లెక్క సెయ్యదు మనకేటని ఊరు కూడా నిన్ను లెక్క సెయ్యదు. అచ్చియ్యమ్మ ఈ వయసులో కూడా అల్లుడంటే తలుపు సాటుకి తప్పుకుంటాదిరా అని నలుగురూ అనుకోవాల. అప్పుడు నీకు మర్యాద నిలబడుద్ది. నాకు మాత్రం సరదాయేటి, రాటతో కాపరం?"

సత్యారావు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మొహం దాచుకున్నాడు. మసి, అంబలి, బూడిద వాసన వేస్తున్న చేతులు. ఇంత ప్రేమను ఇన్నాళ్లూ అవమానం అనుకున్నందుకు వాడికి సిగ్గేసింది. అంతకు మించి కడుపు నిండింది.

అప్పటికి నూకరత్నం, పైడితల్లి పరుగెత్తుకుంటూ వచ్చారు. అత్తా అల్లుడూ చేతులు పట్టుకుని ఏడవడం చూసి నూకరత్నం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఓలమ్మో, ఏటైపోయింది వీళ్లకి?" అంది.

అచ్చియ్యమ్మ లేచి, కూతుర్ని ఒళ్లంతా తడిమి చూసి, తిన్నగా కందకం దగ్గరికి నడిచింది. పెద్దమ్మి నుదుట పసుపు లేచిపోయి తెల్లటి గాటు పడి ఉంది. రాయి ఎగిరింది దాని మీంచే. ఆవిడ ఆ గాటు మీద చెయ్యి పెట్టింది.

"నాడు నా కూతుర్ని ముట్టకుండా ఆగినదానివి, నేడు నన్నే ఎగిరి తన్నించేవా?" అంది. కోపంగానే అంది. తర్వాత కాస్త మెత్తబడింది. "నీ తప్పేటిలే. ఈడొచ్చిన గుంటల్ని ఇన్నేళ్లు పుట్టింట్లో కూకోబెట్టుకున్నాను. ఇరుకైపోరా మరి?"

వెనక్కి తిరిగి, కొంగు నెత్తిమీదికి లాగకుండా, అల్లుడి కళ్లలోకి చూసి చెప్పింది. "బాబూ, మంచిరోజు సూడు. సారె పెట్టి అత్తారింటికి పంపీద్దారి."

పాలెం అంతా కదిలింది. ఆడవాళ్లు బియ్యం నానబెట్టి దంచి చలిమిడి చేశారు. పైడితల్లి ప్రతి రాయికీ స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, రవికగుడ్డ కప్పింది. ఎడ్ల కొమ్ములకు రంగు పూశారు. దాసు, సత్యారావు ఒక్కొక్క రాయినే మోకులు కట్టి బండిలోకి ఎక్కించారు. చెరకుతోట గట్టున తాటిచెట్ల వరస ఉంది, అక్కడ నీడన చోటు చూశారు. ఒక్కొక్క బండి కదిలినప్పుడల్లా అచ్చియ్యమ్మ దాని పేరు పెట్టి బుద్ధులు చెప్పింది. కోడమ్మికి మాత్రం, "అక్కడైనా ఎవులి మంచాలూ విరగ్గొట్టకు" అంది.

చివరికి పెద్దమ్మి మిగిలింది. దాన్ని మోకు కట్టనివ్వలేదు. సత్యారావు, దాసు, పాలెంలో మొగాళ్లంతా కలిసి చేతుల మీదే ఎత్తారు. అచ్చియ్యమ్మ బండి కాడి పట్టుకుని కొంత దూరం నడిచి, ఆగి, చెయ్యూపింది. కూతుర్ని అత్తారింటికి పంపే భాగ్యం తనకు లేకపోయిందని ఎన్నడూ అనుకోని మనిషి, ఆనాడు కరువుతీరా ఏడ్చింది. నూకరత్నం కూడా ఎందుకో తెలియకుండానే తల్లిని పట్టుకుని ఏడ్చింది.

మర్నాటినుంచి సత్యారావు కందకం నడుమ కూడా లోతుగా తవ్వి, మోపులు పేర్చి, దుంగలు కట్టాడు. వసారాకు కొత్త రాట వేశాడు. అచ్చియ్యమ్మ ఆ రాటకు పసుపు రాసింది గానీ దాంతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఊళ్లో నలుగురి ముందూ మాత్రం కొంగు కప్పుకుని అల్లుడికి దారి తప్పుకునేది. ఇంట్లోకి రాగానే, "ఏటి బాబూ, తలకి నూనె రాసుకుని ఎన్నాళ్లయింది, ఆ జుట్టేటి?" అని మొదలెట్టేది. ఐదేళ్ల మాటల బాకీ అంతా వడ్డీతో తీర్చడం మొదలెట్టిందని నూకరత్నం నవ్వేది. సత్యారావు విసుక్కున్నట్టు మొహం పెట్టేవాడు గానీ, ఎప్పుడైనా ఆవిడ ఊరుకుంటే తనే వెళ్లి ఏదో ఒకటి కదిపేవాడు. సాలలో మంచం కూడా ఎత్తించి లోపలి గదిలో, కూతురి పక్కన వేయించాడు.

ఆషాఢంలో వాన పట్టుకుంది. విడవకుండా కురిసిన మూడో నాటి మధ్యాహ్నం, అందరూ అన్నాలు తింటూ ఉండగా కొండ మీద చప్పుడైంది. నిరుటి దానికంటే పెద్ద చప్పుడు. సత్యారావు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నూకరత్నం కడుపు మీద చెయ్యి వేసుకుంది. చప్పుడు దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది.

ధబ్బుమంది.

తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ముగ్గురూ తడుస్తూనే పెరట్లోకి వెళ్లారు. నిరుటి రాయికి రెండింతలున్న బండ, మోపుల్లో సగం దాకా కూరుకుని, వెనక్కి జారి కందకంలో ఒరిగి ఉంది. రెండు దుంగలు విరిగాయి. మోకులు తెగి వేలాడుతున్నాయి. గోడ మాత్రం నిలబడి ఉంది. సత్యారావు ఆ గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, వానలో అలాగే కాసేపు ఉండిపోయాడు.

కళ్లు తెరిచేసరికి అచ్చియ్యమ్మ లేదు. మరుక్షణం నెత్తిన తాటాకు గిడుగు పెట్టుకుని, చేతిలో పసుపు గిన్నెతో వస్తోంది. సత్యారావు నోరు తెరవబోయాడు. నూకరత్నం మొగుడి చెయ్యి పట్టుకుని, ఏమీ అనకు అన్నట్టు నొక్కింది.

ఆవిడ కందకం గట్టున వంగి, బండకు పసుపు రాసింది. వాన కడిగేస్తున్నా లెక్క చేయకుండా బొట్టు పెట్టింది. "వచ్చేవా తల్లీ! ఇంతింత ఒళ్లేసుకుని, ఎవుల్నీ ముట్టుకోకుండా ఆగినావు. సల్లగా ఉండు," అంది. తర్వాత లేచి నడుం పట్టుకుని అల్లుడికేసి తిరిగింది.

"సూత్తావేటి బాబూ? వాన తగ్గగానే బండి కట్టు," అంది. "సలివిడి నేను సేత్తాను. అత్తారింటికెల్లని గుంట ఈ ఇంటికి ఒక్కర్తి సాలు."